పండక్కి ఫొటోలు తీస్తారా? ముందు వెనక్కి చూసుకోండి

సంక్రాంతికి ఊరెళ్తే, ఎవరూ అప్పజెప్పకపోయినా ఇంట్లో ఒకరికి ఫొటోల డ్యూటీ పడుతుంది. అందరినీ వరసగా నిలబెట్టి "ఇటు చూడండి" అని తీసే ఫొటోలతో పెద్ద చిక్కేమీ లేదు. వాళ్లూ కదలరు, మీరూ కదలరు. చిక్కంతా చెప్పకుండా తీసే క్యాండిడ్ ఫొటోలతోనే. మీరు తీస్తున్నట్టు అవతలివాళ్లకు తెలియదు కాబట్టి ఎవరూ పక్కకు తప్పుకోరు, "చూసుకో" అని కేకేయరు. మీ కళ్లేమో స్క్రీన్ మీద. చుట్టూ మంట, కాగే నూనె, పిట్టగోడ లేని డాబా, కొమ్ములకు రంగులేసిన ఎడ్లు.

అందుకే ఫొటోల కోసం ఇల్లంతా తిరగకండి. వెనక గోడో స్తంభమో ఉన్న చోటు చూసుకుని కూర్చోండి. పండగ ఇంట్లో జనం ఎలాగూ మీ ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతుంటారు. కాసేపటికి మీరక్కడ ఉన్న సంగతే మర్చిపోతారు. పిన్ని నవ్వు, మావయ్య విసుగు అసలు రంగులో దొరికేది అప్పుడే. చోటు మారాలంటే ఫోన్ దించి, నడిచి వెళ్లి, మళ్లీ ఎత్తండి. స్క్రీన్ చూస్తూ వెనక్కి అడుగు వేయడం మాత్రం ఎక్కడా వద్దు.

భోగి మంట దగ్గర ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే పొగా, నిప్పురవ్వలూ మీ వైపు రావు. పిల్లల్ని "ఇంకొంచెం ముందుకు రా నాన్నా" అని మంట వైపు అసలు పిలవకండి. పండగ బట్టల్లో సగం నైలాన్, పాలిస్టర్ ఉంటాయి. రవ్వ పడితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. తెల్లవారుజామున మంట దగ్గరకు నూలు బట్టలతోనే రమ్మనండి, కొత్త బట్టల ఫొటోలు స్నానాలయ్యాక తీసుకోవచ్చు.

ఫోన్‌లో చీకట్లో తీయడానికి వాడే నైట్ మోడ్ ఉంటే మంట దగ్గర ఆపేయండి. అది ఒక్క ఫొటోకి ఒకటి నుంచి మూడు సెకన్లు తీసుకుంటుంది, ఆలోగా గెంతే పిల్లలు దయ్యాల్లా సాగిపోతారు. ఫ్లాష్ కూడా వద్దు, వేశారంటే మంట వెలుగు రంగంతా పోతుంది. స్క్రీన్ మీద, మంట వెలుగు పడుతున్న ముఖం దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే వెలుతురు గీతను కాస్త కిందికి లాగితే చాలు. కెమెరా ఉన్నవాళ్లు షట్టర్ (వెలుతురు లోపలికి రావడానికి తెరుచుకుని మూసుకునే తలుపు) వేగం 1/125 సెకను కంటే నెమ్మది కాకుండా చూసుకోండి.

నన్నడిగితే పండగ మొత్తంలో మంట కంటే ప్రమాదమైన చోటు వంటిల్లు. అక్కడ ఎవరికీ భయం ఉండదు కాబట్టి. అరిసెలు వండేటప్పుడు చూడండి. ఒకరు పాకం చుక్కని నీళ్ల గిన్నెలో వేసి ఉండ కడుతుందో లేదో వేళ్లతో చూస్తుంటారు. కుదిరిందనగానే ఒకరు తడి బియ్యప్పిండి పోస్తుంటే ఇంకొకరు గరిటె ఆపకుండా తిప్పాలి. ఆ రెండు నిమిషాల్లో పిలిస్తే ఎవరూ పలకరు, పలక్కూడదు కూడా. ఆ తర్వాత నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కుతారు, వేడి నూనె ధారగా కారుతుంది. మీ చెయ్యి, ఫోను, చున్నీ బాణలి మీదకు రాకూడదు. పైనుంచి తీద్దామని స్టూలెక్కడం ఇంకా ప్రమాదం. పొయ్యికీ అరిసెలు ఆరబెట్టే పళ్లానికీ మధ్య నడిచే దారి వదిలేసి, గుమ్మం పక్కన కూర్చుని జూమ్ చేసుకోండి. చార్జర్ వైరు గుమ్మానికి అడ్డంగా లాగకండి. లెన్స్ మీద ఆవిరి, నూనె మరక పడితే ఫొటోలన్నీ మసగ్గా వస్తాయి. కొంగుతో కాకుండా, మెత్తటి పొడి నూలు గుడ్డతో తుడవండి.

సాయంత్రం భోగిపళ్లు పోసేటప్పుడు బిడ్డకు ఎదురుగా నేల మీద కూర్చోండి, కెమెరా బిడ్డ కళ్ల ఎత్తులో ఉండాలి. మొదటి దోసిలి పడగానే ముఖంలో వచ్చే మార్పు క్షణంలో పోతుంది కాబట్టి, ఒక్కటొక్కటిగా కాకుండా వరసగా తీసే బర్స్ట్ పెట్టుకోండి. ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ వెలుగులో ఫొటో మీద నల్లటి చారలు వస్తుంటే షట్టర్ వేగం 1/100 లేదా 1/50 సెకనుకి మార్చండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది (50 హెర్ట్జ్), లైట్లూ దాంతో పాటే మినుకుతాయి కాబట్టి ఆ వేగాల దగ్గర చారలు తగ్గుతాయి. రేగిపళ్లతో పాటు చిల్లర, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు ఒళ్లో పడతాయి. చుట్టూ ఉన్న పెద్దలు పాటలో, అక్షింతల హడావిడిలో ఉంటారు. బిడ్డ రూపాయి బిళ్ల నోట్లో పెట్టుకోవడం ముందు కనిపించేది జూమ్ చేసి చూస్తున్న మీకే. అప్పుడు ఫొటో సంగతి వదిలేసి చెయ్యి పట్టుకోండి.

డాబా మీద గాలిపటాలు ఎగరేసేవాళ్లని తీస్తుంటే పిట్టగోడ ఎంత ఎత్తుందో ముందే చూసుకోండి. దారం లాగే దారిలో నిలబడకండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఇంకా దొరుకుతూనే ఉంది, మెడకు తగిలితే కోసేస్తుంది. కెమెరాలో కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లోంచి సూర్యుడి వైపు జూమ్ చేస్తే కన్ను పాడవ్వొచ్చు. కనుమ నాడు పశువుల దగ్గర ఫ్లాష్ వద్దు, వెనక వైపు అసలు వద్దు. వాటిని పట్టుకున్న మనిషికి చెప్పి తీయండి. పందెం బరుల దగ్గర పెదనాన్న ఫొటో తీయకపోవడమే ఆయనకూ మీకూ మంచిది.

ఇక మనుషులతో జాగ్రత్త. చెప్పకుండా తీయొచ్చు గానీ, చెప్పకుండా పంపకూడదు. నలుగు పెట్టుకుని తలంట్లు పోసుకునే పిల్లల ఫొటోలు ఎంత ముద్దుగా ఉన్నా గ్రూపుల్లో వేయకండి. పొద్దున్నే నైటీతో ముగ్గేస్తున్న వదినకి చూపించి, వద్దంటే ఆవిడ ముందే తీసేయండి. కొత్తల్లుడు ముప్పై రకాల విస్తరి ముందు నోరు తెరిచిన ఫొటో అందరికీ నవ్వు తెప్పిస్తుంది, ఆయనకి తప్ప. ఏడాదిలో ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే కొందరు పెద్దవాళ్లు కావాలనే కెమెరాకు పక్కకు జరుగుతారు. వెంటపడి తీయకండి.

ఊళ్లో ఉండగానే "ఫ్యామిలీ అంతా ఇక్కడే" అని లొకేషన్‌తో పోస్ట్ చేస్తే, హైదరాబాద్‌లో ఇంటికి తాళం వేసి ఉందని అందరికీ చెప్పినట్టే. తాళం వేసిన ఇళ్ల గురించి పోలీసులు పండగ ముందు హెచ్చరిస్తూనే ఉంటారు. తిరిగొచ్చాక పెట్టుకోండి, లైకులు ఎక్కడికీ పోవు.

లంబసింగి, అరకు చలిలో తిరిగేవాళ్లకీ, అమెరికా మంచులో క్రిస్మస్ సెలవులు గడిపే మనవాళ్లకీ ఇంకో సంగతి. చలిలోంచి వెచ్చటి గదిలోకి రాగానే కెమెరాకు చెమ్మ పడుతుంది. బయట ఉండగానే జిప్ కవర్లో మూసి, లోపలికి తెచ్చాక గంటసేపు తెరవకండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఇంకోటి ఉంటే లోపలి జేబులో పెట్టుకోండి.

బయల్దేరే ముందే ఫోన్ ఖాళీ చేసుకోవాలి. గూగుల్ ఫొటోస్‌లో ఉచితంగా ఎంతైనా దాచుకునే సౌకర్యం 2021 జూన్‌తో పోయింది, ఇప్పుడు మెయిల్‌తో కలిపి 15 జీబీయే. గాలిపటం తెగిన క్షణంలో "స్టోరేజ్ ఫుల్" అని వస్తే చేసేదేమీ ఉండదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, ప్రింటు తీయించుకునేవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపండి. ముక్కనుమ రోజు అందరూ సర్దుకుంటుండగా కూర్చుని, మసకబారినవీ కళ్లు మూసినవీ తీసేసి, మిగిలినవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేయండి. ఆ పని ఊళ్లోనే అయిపోవాలి. ఇంటికెళ్లాక చూద్దామనుకుంటే ఉగాదికి గానీ తెమలదు.