పప్పు మానేసినా బొటనవేలు వాస్తోందా? బీపీ బిళ్ల షీటు తిప్పి చూడండి

ఇది గౌట్ ఉన్నవాళ్ల కోసం. మనవాళ్లు "నాకు యూరిక్ యాసిడ్ వచ్చింది" అంటారే, అది. రాత్రి బాగానే పడుకుని, తెల్లారేసరికి కాలి బొటనవేలికి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి ఒకసారైనా చూసినవాళ్లకు మొదటి నుంచీ చెప్పనక్కర్లేదు.

వేలు వాచింది, రిపోర్టులో మాత్రం నార్మల్

నొప్పి మీదున్నప్పుడు రక్తం ఇచ్చి ఉంటారు. ఆ సమయంలో యూరిక్ యాసిడ్ కిందికి దిగడం మామూలే. వాపు పూర్తిగా పోయాక రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించండి.

కఠిన పథ్యం చేస్తున్నా తగ్గడం లేదు

ఏం మానేశారని అడిగితే పప్పు, పాలకూర, టమాటా అంటారు. ఆదివారం బోటీ కూర, బీరు సంగతి మళ్లీ మళ్లీ అడిగితే గానీ బయటపడదు. పప్పూ ఆకుకూరలూ మీ శత్రువులు కావు, హాయిగా తినండి. తగ్గించాల్సినవి లివర్, బోటీ, మటన్, రొయ్యలు, మద్యం, ముఖ్యంగా బీరు, ఆపైన తియ్యటి కూల్‌డ్రింకులు. వెన్న తీసిన మజ్జిగ మంచిది. బరువు తగ్గాలని కటిక ఉపవాసాలు చేయకండి, వాటివల్లే నొప్పి తిరగబెడుతుంది.

ఇంకో మాట. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు శరీరం తనే తయారు చేసుకుంటుంది. అందుకే ఎంత పథ్యం చేసినా రిపోర్టులో 9 ఉన్నవాళ్లు దాదాపు 8 దగ్గర ఆగిపోతారు. మనకు కావలసింది 6 లోపు. అక్కడికి మందు లేకుండా చేరడం కష్టం.

అల్లోప్యూరినాల్ మొదలుపెట్టాకే నొప్పి ఎక్కువైంది

అల్లోప్యూరినాల్ యూరిక్ యాసిడ్‌ను తగ్గించే బిళ్ల. దానివల్ల కీళ్లలో పేరుకున్న యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కరగడం మొదలైనప్పుడు అలాగే ఉంటుంది. బిళ్ల పడలేదనుకుని ఆపేస్తారు, అదే తప్పు. మొదటి 3 నుంచి 6 నెలలు ఆ నొప్పి రాకుండా డాక్టరు చిన్న డోసులో కాల్చిసిన్ అనే మందు తోడు ఇస్తారు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం అదే రోజు బిళ్ల ఆపి డాక్టరుకు చూపించండి.

పథ్యం సరే, బిళ్ల సరే, అయినా అంకె దిగదు

ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. ఒక రిటైర్డ్ మాస్టారికి అల్లోప్యూరినాల్ 100 ఎంజీ నుంచి 300 దాకా పెంచాను. రెండు మూడు నెలలకోసారి కుంటుకుంటూ వచ్చేవారు. దొంగచాటుగా తింటున్నారేమోనని మందలించాను కూడా. "పప్పుచారు కూడా పెట్టడం లేదండీ" అని వాళ్లావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఒకరోజు ఆవిడ ఇంట్లో మందులన్నీ సంచిలో వేసుకొచ్చి బల్ల మీద పోశారు. బీపీ బిళ్ల పేరు చివర ఇంగ్లిష్ అక్షరం "హెచ్".

హెచ్ అంటే హైడ్రోక్లోరోథయాజైడ్. ఎక్కువగా 12.5 ఎంజీ కలిపి ఉంటుంది. ఉప్పునీ నీటినీ మూత్రంలో పంపి బీపీ దించుతుంది, కానీ యూరిక్ యాసిడ్‌ను కిడ్నీ దగ్గర వెనక్కి పట్టి ఉంచుతుంది. మనం ఒకవైపు తోడిపోస్తుంటే ఇది ఇంకోవైపు నింపుతోందన్నమాట. "ఏమైనా మందులు వాడుతున్నారా" అని నేను అడిగాను, "బీపీది ఒకటేనండి" అని ఆయన అన్నారు. పేరు అడగలేదు నేను.

కాబట్టి షీటు తిప్పి, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. పేరు చివర హెచ్ బదులు సీటీ అని ఉంటే అది క్లోర్థాలిడోన్ కావచ్చు, దానిదీ ఇదే గుణం. కాళ్ల వాపుకిచ్చే ఫ్యూరోసెమైడ్ కూడా అంతే.

అలాగని మీ అంతట మీరు బీపీ బిళ్ల ఆపకండి, పక్షవాతం తెచ్చుకుంటారు. రాసిన డాక్టరుకే షీటు చూపించి, గౌట్ ఉందని చెప్పి, మార్చవచ్చా అని అడగండి. చాలామందికి ఆమ్లోడిపిన్‌తోనో లోసార్టాన్‌తోనో సరిపోతుంది. లోసార్టాన్ యూరిక్ యాసిడ్‌ను కొంచెం బయటికి పంపుతుంది కూడా. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఫ్యూరోసెమైడ్ తప్పకపోవచ్చు, అప్పుడు అల్లోప్యూరినాల్ డోసే సర్దాలి. మాస్టారికి బీపీ మందు మార్చాక, అదే 300 మీద అంకె 6 కిందికి వచ్చింది.

మిగతావి

స్టెంట్ వేశాక ఇచ్చే ఆస్పిరిన్ 75 యూరిక్ యాసిడ్‌ను కొద్దిగా పెంచుతుంది, అయినా దాన్ని ఆపకండి. టీబీ కోర్సులో పైరజినమైడ్ పెంచుతుంది, ఆ మందు అయిపోతే దిగుతుంది. రెండు చేతుల వేళ్లూ వాచి, పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోతే అది గౌట్ దారి కాదు, రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం డాక్టరును కలవండి. జ్వరంతో ఒకే కీలు వేడిగా వాచిందంటే పాత గౌటే కదా అని ఇంట్లో కూర్చోవద్దు. లోపల చీము పట్టి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.