పట్టణ చెరువుకు నీళ్లొచ్చే దారిని కాలనీ వాళ్లు కాపాడుకోవడం ఎలా?

మహబూబ్‌నగర్‌లో పెద్ద చెరువు కట్ట మీద గానీ, నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద గానీ సాయంత్రం పూట నిలబడి చూస్తే చెరువు నిండుగా, అందంగానే కనిపిస్తుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైన తర్వాత మినీ ట్యాంక్‌బండ్ల పేరుతో చాలా పట్టణాల్లో కట్టలు వెడల్పయ్యాయి, వాటి మీదికి దీపాలు, బెంచీలు వచ్చాయి. కట్ట బాగుపడితే చెరువు బాగుపడినట్టేనని అనుకోవడం వల్ల కాలనీ సంఘాలు కూడా తమ శ్రమనంతా అక్కడే పెడుతున్నాయి. ఆదివారం పొద్దున పదిమంది చేరి ఒడ్డున ప్లాస్టిక్ ఏరుతారు. ఒక మంచి వాన పడిందంటే అంతకు రెండింతలు మళ్లీ కొట్టుకొస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తున్నదో అక్కడికి నడిచి వెళ్లి, పైనుంచి కిందికి పని చేసుకుంటూ రావడం ఎలాగో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఉదయసముద్రం కందూరు చోడుల నాటి చెరువే అయినా ఇప్పుడు దానికి ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ ద్వారా కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అలాంటి ఆసరా లేని పట్టణ చెరువులకు, కుంటలకు వాన నీరే దిక్కు. పాలమూరు వైపు గుట్టలు, బండలు, పలుచని చల్క నేలలు ఎక్కువ కాబట్టి పడిన వాన నిలవకుండా ఒర్రెల (చిన్న వాగుల) వెంట వేగంగా దిగుతుంది. ఆ ఒర్రెలను పట్టుకుని ఒక చెరువు నిండితే మత్తడి (మిగులు నీరు పొర్లిపోయే అలుగు) దుంకిన నీరు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా చెరువులు తవ్వారు. గొలుసులో ఒక్క కాలువ పూడినా కింద చెరువు ఎండుతుంది, పైన కాలనీ మునుగుతుంది.

మొదట చేయవలసింది: గొలుసును కాగితం మీదికి తేవడం

సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటాల్లో చెరువులు, వాగులు స్పష్టంగా ఉంటాయి. ఇస్రో వారి భువన్ పటాల సైట్‌లోనూ, గూగుల్ ఎర్త్‌లోని పాత ఏళ్ల చిత్రాల్లోనూ చూస్తే పదిహేను, ఇరవై ఏళ్ల కింద ఏ ఒర్రె ఎక్కడ పారిందో, దాని మీద ఎప్పుడు వెంచర్ వచ్చిందో తెలుస్తుంది. రెవెన్యూ నక్షాలో చెరువు శిఖం (నీరు నిలిచే నేల) సర్వే నంబర్లు, వాగు హద్దులు ఉంటాయి. ఈ మూడింటినీ దగ్గర పెట్టుకుని ఒక పెద్ద కాగితం మీద మీ చెరువు, దాని పైచెరువు, కిందిచెరువు, వాటిని కలిపే కాలువలు గీయాలి. వాన చుక్క ఇటు పడితే మన చెరువుకు, అటు పడితే పక్క చెరువుకు పోయే మిట్టలను కలుపుతూ చుట్టూ ఒక గీత గీస్తే, ఆ గీత లోపలిదంతా మీ చెరువు పరీవాహక ప్రాంతం. దానిలో మీకు ముఖమైనా తెలియని కాలనీలు ఉంటాయి. మీ సంఘంలో వాళ్లు ఉండాలి.

ఈ పటం గీసేటప్పుడు పక్కన ఉండవలసిన మనుషులు వేరే ఉన్నారు. ఒకప్పుడు తూములు ఎత్తి దించిన నీరటి కుటుంబాల పెద్దలు, మత్స్యకారుల సొసైటీ వాళ్లు, చెరువు కింద వరి వేసిన రైతులు, రోజూ నాలా తీసే పారిశుధ్య కార్మికులు. కాలువ ఎక్కడ మలుపు తిరిగేదో ఏ పటం కన్నా వీళ్లకు బాగా తెలుసు. విశ్రాంత ఉద్యోగులు మాత్రమే ఉన్న సంఘాలు అర్జీలు బాగా రాస్తాయి గానీ తూము ఎక్కడుందో అడిగితే తెల్లముఖం వేస్తాయి.

రెండోది: మే నెలలో ఒక నడక

ఈ పనికి నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. మే నెలలో, కనీసం పది రోజులుగా వాన పడని సమయంలో, చెరువులోకి నీరు దిగే ప్రతి నోటి నుంచి ఎగువకు నడవాలి. ఎండల్లో వాన నీటి కాలువ ఎండిపోయి ఉండాలి. దానిలో నీరు పారుతున్నదంటే అది ఎవరి ఇంటి నుంచో, హోటల్ నుంచో, ఫంక్షన్ హాల్ నుంచో వచ్చే మురుగే. ఇందుకు ప్రయోగశాల అవసరం లేదు.

ఆ మురుగు ఎంతో కొలవడం కూడా కష్టం కాదు. కాలువ కల్వర్టు దగ్గర నీరు కిందికి పడేచోట పదిహేను లీటర్ల బకెట్ పెట్టి, ఫోన్‌లో గడియారం చూసుకోవాలి. పడే చోటు లేకపోతే అడ్డంగా రెండు ఇసుక బస్తాలు వేసి, మధ్యలో ఒక పీవీసీ పైపు ముక్క పెడితే నీరంతా దానిలోంచి దూకుతుంది. బకెట్ ఆరు సెకన్లలో నిండిందనుకుందాం. అంటే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు తొమ్మిది వేల లీటర్లు, రోజుకు రెండు లక్షల పదహారు వేల లీటర్లు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది లెక్క; దానిలో సుమారు ఎనభై శాతం మురుగుగా బయటికి వస్తుంది. ఆ ప్రకారం చూస్తే మోకాలి లోతు కూడా లేని ఆ సన్నని ధార వెనుక రెండు వేల మంది మురుగు ఉన్నదన్నమాట. పొద్దున ఏడు గంటలకు ధార ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది కాబట్టి రెండు పూటలా కొలిచి సగటు తీసుకోవాలి. “చెరువులో మురుగు కలుస్తోంది” అని రాసిన అర్జీకి, “ఫలానా కల్వర్టు దగ్గర రోజుకు రెండు లక్షల లీటర్లు దిగుతోంది” అని రాసిన అర్జీకి కార్యాలయంలో దొరికే గౌరవం వేరు.

నడకలో చేతికి తొడుగులు, కాళ్లకు గమ్ బూట్లు తప్పనిసరి. మూసి ఉన్న నాలాలోకి గానీ మ్యాన్‌హోల్‌లోకి గానీ ఎవరూ దిగకూడదు, ఎవరినీ దించకూడదు. విషవాయువులతో ప్రాణాలు పోతాయి. 2013 నాటి చట్టం ప్రకారం అలా దించడం నేరం కూడా. చీకటి పడ్డాక సెప్టిక్ ట్యాంకుల లారీలు ఒర్రెల పక్కన ఆగుతున్న చోట్లు వాసనతోనే తెలుస్తాయి. వాటినీ పటంలో గుర్తించి, మానవ వ్యర్థాల శుద్ధి కేంద్రానికే తీసుకెళ్తున్నారా లేదా అని ట్యాంక్ తోడించుకునే ఇంటివాళ్లే లారీ వాళ్లను అడగడం మొదలుపెట్టాలి.

మూడోది: మిరుగు తర్వాత రెండో నడక

మిరుగు (మృగశిర కార్తె) దాటి మొదటి గట్టి వాన పడినప్పుడు ఇదే దారిలో గొడుగులు పట్టుకుని మళ్లీ నడవాలి. నీరు ఎక్కడ కాలువ వదిలి రోడ్డెక్కుతున్నదో, ఏ కల్వర్టు దగ్గర పెంటకుప్పలా చెత్త అడ్డుపడి వెనక్కి తంతున్నదో అప్పుడే కనిపిస్తుంది. ఎకరం నేల మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు నలభై వేల లీటర్లు. చేను అయితే అందులో చాలా భాగాన్ని తాగుతుంది, సిమెంటు రోడ్డు దాదాపు అంతా వదిలేస్తుంది. వరద పారుతున్నప్పుడు కాలువలోకి అడుగు పెట్టవద్దు. గట్టు మీది నుంచి ఫోటోలు చాలు.

నాలుగోది: మత్తడి, హద్దులు, కాగితాలు

చెరువు పూర్తి నీటి మట్టం అంటే మత్తడి పైభాగం ఎత్తు. ఆ ఎత్తున నీరు ఎంతవరకు విస్తరిస్తుందో అదే ఎఫ్‌టీఎల్ గీత. అందుకే శిఖంలో ఇళ్ల స్థలాలు చేసినవాళ్ల కన్ను మత్తడి మీద పడుతుంది. రాత్రికి రాత్రి దాన్ని రెండడుగులు పగలగొడితే నీరు అంతమేరకు వెనక్కి తగ్గి, ప్లాట్లు పొడిగా కనిపిస్తాయి. మీ మత్తడి అంచు చెక్కుచెదరకుండా ఉందా, కొత్తగా పగిలిన రాళ్లు ఉన్నాయా అన్నది ప్రతి ఎండాకాలం ఫోటో తీసి పెట్టుకోవాలి.

2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాలు, అంటే జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు వదిలిపెట్టాలి. పది మీటర్ల కన్నా వెడల్పైన వాగుకు, నాలాకు రెండు పక్కలా 9 మీటర్లు, చిన్నవాటికి 2 మీటర్లు. చెరువు కన్నా నాలాల విషయంలోనే ఈ నియమం ఎక్కువగా మాయమవుతుంది. ఎఫ్‌టీఎల్ పటం, శిఖం విస్తీర్ణం, లేఅవుట్ అనుమతుల నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి ఐదు రూపాయలు, ఆపై వాటికి పది రూపాయలు రుసుము, జవాబుకు 30 రోజులు గడువు. నకళ్లు చేతికి వచ్చాక పటం, బకెట్ లెక్క జోడించి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. “హైడ్రా వస్తుందా?” అని చాలామంది అడుగుతున్నారు. చెరువుల ఆక్రమణలు తొలగించే ఆ ప్రభుత్వ సంస్థ పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వరకే. పాలమూరు, నల్లగొండల్లో కలెక్టరు, నీటిపారుదల, రెవెన్యూ, పురపాలక అధికారులనే పట్టుకోవాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆక్రమణల జాబితా రాసేటప్పుడు ఒడ్డున గుడిసె వేసుకున్నవాళ్ల పేర్లే ముందుగా రాయడం అలవాటైపోయింది. నీటి దారికి అడ్డంగా ప్రహరీ కట్టిన వెంచర్ పేరు ముందు రాయాలి. నీరు తగ్గినప్పుడు పంట వేసుకునే హక్కున్న పట్టా శిఖాలూ ఉంటాయి; వాటిని ఆక్రమణలతో కలిపి చూడకూడదు.

ఐదోది: పైనుంచి కిందికి పని

ఎగువ కాలనీల్లో ఇంకుడు గుంతలు, పైకప్పు నీటిని పట్టే ఏర్పాట్లు మొదట రావాలి. మహబూబ్‌నగర్‌లో ఏడాదికి ఆరు వందల మిల్లీమీటర్ల వాన అనుకుంటే వెయ్యి చదరపు అడుగుల డాబా మీద సుమారు యాభై ఐదు వేల లీటర్లు పడతాయి. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక పరచి, తొలి వాన మురికి పక్కకు పోయేలా పైపుకు ఒక మూత పెట్టాలి. స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు బోరు పక్కన గుంతలోకి కలపకూడదు. ఫ్లోరైడ్ ఉన్న నల్లగొండ బోర్లలో వాన నీరు ఇంకితే సాంద్రత తగ్గే అవకాశం ఉంది గానీ, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉన్నదని పరీక్షలో తేలకుండా ఆ నీరు తాగకూడదు.

మధ్య దారిలో, ఒర్రెల వెంట, నాలాలు చెరువులో కలిసే ముందు ఇనుప జాలీలు బిగించాలి. జాలీ పెట్టడం సులువే. వాన పడిన ప్రతిసారీ దాన్ని ఎవరు శుభ్రం చేస్తారో పేరు రాసి పెట్టకపోతే అదే ఆనకట్ట అయి వీధిని ముంచుతుంది. మురుగును మళ్లించి శుద్ధి కేంద్రానికి పంపడం ప్రభుత్వం చేయవలసిన పని, దాన్ని కాలనీ భుజాన వేసుకోకూడదు. అది జరిగేదాకా నీరు దిగే నోటి దగ్గర తుంగ, మెట్టతామర, వట్టివేరు పెంచితే కొంత మడ్డి అక్కడే ఆగుతుంది.

చివరిగా చెరువు. గుర్రపుడెక్క పూత పట్టకముందే తీయాలి, ఎందుకంటే దాని గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. మేము ఒక ఏడాది రెండు వారాలపాటు కష్టపడి తీసిన డెక్కనంతా కట్ట లోపలి వాలు మీదే కుప్పలు పోశాము; ట్రాక్టర్ రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అంటుండగానే వాన పడి కుప్పల్లో సగం మళ్లీ నీళ్లలోకి జారింది. ట్రాక్టర్ వచ్చి నిలబడ్డాకే మొదటి మొక్క పీకాలని ఆ రోజు నేర్చుకున్నాం. కట్ట మీద మొక్కలు నాటించిన తప్పు కూడా మాదే. మట్టి కట్టలోకి చెట్ల వేర్లు దిగితే, అవి చచ్చి కుళ్లిన తర్వాత ఆ సందుల్లోంచి నీరు ఊరుతుంది. కట్టకు గడ్డి చాలు, చెట్లు దూరంగా ఒడ్డున వేసుకోవాలి. పూడిక మట్టి పొలాలకు బలమే గానీ, మురుగు కలిసిన పట్టణ చెరువు మట్టిని భార లోహాల పరీక్ష చేయించకుండా చేలల్లో చల్లించవద్దు.

పండగల సంగతి: ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు నీటిలో నెలల తరబడి కరగవు కాబట్టి నిమజ్జనానికి విడిగా నీటి కుంట ఏర్పాటు చేయమని వినాయక చవితికి రెండు నెలల ముందే అడగాలి. బతుకమ్మలో తంగేడు, గునుగు పూలతో చెరువుకు చేటు లేదు. గునుగుకు అద్దే రసాయన రంగులు, పూలు తెచ్చిన కవర్లు ఒడ్డునే ఆగిపోయేలా రెండు బుట్టలు పెట్టి, వాటి దగ్గర మహిళా సంఘం వాళ్లు ఇద్దరు నిలబడితే సరిపోతుంది.

ఆరోది: లెక్క రాయడం

నెలకు ఒకసారి ఒకే చోట, ఒకే వేళకు తెల్లని స్టీలు పళ్లేన్ని తాడుతో నీళ్లలోకి దించి, ఎంత లోతున కనబడకుండా పోతున్నదో రాసుకోవాలి. తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే సొసైటీ వాళ్లు వెంటనే ఫోన్ చేయాలి. రాత్రంతా నాచు ఆక్సిజన్ వాడుకోవడం వల్ల సూర్యోదయానికి ముందు అది అతి తక్కువగా ఉంటుంది. మత్తడి ఏ తేదీన దుంకిందో, ఎన్ని రోజులు దుంకిందో రాయాలి. వచ్చే మే నెలలో అదే కల్వర్టు దగ్గర, అదే బకెట్ పెట్టి, నిండడానికి పట్టిన సెకన్లను పాత అంకె పక్కన రాసుకోవాలి.