బర్గర్‌టైమ్: మిరియాల పొడి దాచుకోండి, రొట్టెతో కొట్టండి

మే నెల ఎండకి ఒంగోలులోనో కావలిలోనో మధ్యాహ్నం గడప దాటలేని పిల్లలకి ఒక పాత వీడియో ఆట నేర్పాలంటే బర్గర్‌టైమ్ నేర్పండి. జపాన్‌లో డేటా ఈస్ట్ కంపెనీ 1982లో చేసిన ఆట ఇది. అక్కడ దాని పేరు హాంబర్గర్. అమెరికాలో బల్లీ మిడ్‌వే అనే కంపెనీ దింపినప్పుడు ఇప్పటి పేరొచ్చింది. మొదట ఇది క్యాసెట్ మీద వచ్చింది. డేటా ఈస్ట్ మెషిన్లో టేపు మారిస్తే ఆట మారిపోయేది, కొత్త పెట్టె కొనక్కర్లేదు. ఆ రోజులకి అది గొప్ప ఆలోచన. కాకపోతే స్విచ్ వేసిన ప్రతిసారీ టేపు మొత్తం చదివేదాకా కాచుకోవాలి.

ఆటలో మీరు నడిపే వంటవాడి పేరు పీటర్ పెప్పర్. నిచ్చెనలెక్కి దిగుతూ రొట్టె, ఆకు, మాంసం ముక్కల్ని తొక్కి కింద పళ్ళేల్లోకి దించాలి. ముక్కని ఈ చివర నుంచి ఆ చివర దాకా తొక్కితేనే జారుతుంది. నెల్లూరు కారం దోసెకి కారం పూసినట్టు అంచు దాకా పోవాలి. సగంలో పారిపోయినా నష్టం లేదు, తొక్కినంత మేర కుంగే ఉంటుంది, తిరిగొచ్చి మిగతాది తొక్కొచ్చు.

పైనుంచి మొదలుపెట్టండి. పై రొట్టె పడి కింది ముక్కని తోస్తుంది, అది దాని కింద దాన్ని తోస్తుంది. ముక్క అంతస్తు దిగిన ప్రతిసారీ 50 పాయింట్లు.

కొత్తవాళ్ళు ఓడిపోయేది మాత్రం మిరియాల దగ్గరే. శత్రువులైన సాసేజ్, గుడ్డు, ఊరగాయ దోసకాయ వెంటపడగానే వంటవాడి దగ్గరున్న కాస్త మిరియాల పొడీ చల్లేస్తారు. పొడి వాటిని చంపదు, కాసేపు కదలకుండా ఆపుతుందంతే. మీ మొహం ఎటుంటే అటే పడుతుంది కాబట్టి వెనకనుంచి వచ్చేదానికి తగలదు. చంపేది రొట్టె. కింద ఉన్నవి నలిగిపోతాయి. అంతకన్నా లాభం, శత్రువుని ముక్క మీదికి రప్పించి దాంతో సహా దించడం. అప్పుడు ముక్క మామూలుకన్నా రెండంతస్తులు ఎక్కువ దిగుతుంది. ఒకరు పడితే 500, ఇద్దరైతే 1000, ముగ్గురైతే 2000. అందుకే చివరి అంగుళం తొక్కకుండా ఆగి, వాటిని దగ్గరికి రానిచ్చి, అప్పుడు అడుగేయండి. నలిగినవి కాసేపటికి మళ్ళీ పక్కనుంచి వస్తాయి, ఆ సందులో పని కానియ్యండి.

నడుమ కనిపించే ఐస్‌క్రీమ్, కాఫీ, వేయించిన బంగాళాదుంపలు ఎక్కువసేపు ఉండవు. తీసుకుంటే పాయింట్లతో పాటు ఒక చిటికెడు మిరియాలు దక్కుతాయి. చుట్టూ ఖాళీ ఉంటేనే వెళ్ళండి.

కంప్యూటర్లో ఆడుతుంటే గేమ్‌ప్యాడ్‌ని నాలుగు దిక్కులకే సెట్ చేయండి. అసలు మెషిన్ కర్రకి (జాయ్‌స్టిక్‌కి) ఏటవాలు దిక్కు లేదు. అది ఉంచితే నిచ్చెన మొదట్లో వంటవాడు ఇరుక్కుంటాడు, వెనకున్న గుడ్డు పట్టేస్తుంది. మొత్తం ఆరు బోర్డులు, అంటే ఆరు దశలు. ఆరోది దాటితే మళ్ళీ మొదటిదే, ఈసారి ఇంకా కష్టంగా.