అమరికలు పిల్లలకు రావడం లేదా? మీరు వరుసను ఎక్కడ ఆపుతున్నారో చూడండి

అయిదారేళ్ల పిల్లలకు అమరికలు, అంటే ఒక నియమం ప్రకారం సాగే వరుసలు, నేర్పేటప్పుడు ఎదురయ్యే చిక్కులివి. పూసలు, బొత్తాలు, చింతగింజలు వరుసగా పేర్పించడం మీకు అలవాటేనన్న నమ్మకంతో రాస్తున్నాను.

చిక్కు ఏదైనా ముందు చేయాల్సింది ఒక్కటే. వరుస మీద వేలు పెట్టి పైకి చదవమనండి: “ఎరుపు, ఎరుపు, నీలం... ఎరుపు, ఎరుపు, నీలం...” అర నిమిషం కూడా పట్టదు. ఇదైనా చేయకుండా “మా అబ్బాయికి లెక్కలు రావు” అని తేల్చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. చదివే గొంతులో లయ వస్తోందంటే అమరిక చెవికి అందినట్టే, తప్పు చేతి తొందరది. లయ రాకపోతే కింద చూడండి.

సమస్య: నచ్చిన రంగు పెట్టేస్తున్నారు.
కారణం: మీరు చూపింది చాలలేదు. ఎరుపు, నీలం, ఎరుపు అని మూడు పూసలు పెట్టి తర్వాత ఏమిటని అడిగితే నీలమూ ఒప్పే, ఎరుపూ ఒప్పే.
పరిష్కారం: మళ్లీ మళ్లీ వచ్చే ముక్కను కనీసం మూడుసార్లు పూర్తిగా చూపండి.

సమస్య: ఇన్నాళ్లూ అన్నీ సరిగ్గా చేసిన పిల్లలు కొత్త వరుస ఇవ్వగానే తప్పుతున్నారు.
కారణం: అన్నిటికన్నా ఎక్కువగా నన్ను తిప్పలు పెట్టింది ఇదే. మనం వరుసను ఎప్పుడూ ముక్క పూర్తయిన చోటే ఆపుతాం. ఎరుపు, ఎరుపు, నీలం మూడుసార్లు పేర్చి “ఇక నువ్వు పెట్టు” అంటాం. పాప ఎడమ చివరకు చూసి మొదటి నుంచి ఒక్కొక్కటే చూసి పెడుతుంది. జవాబు సరిపోతుంది, మనం మెచ్చుకుంటాం. పాప చేసింది నకలు మాత్రమే. అమరిక ఇంకా తెలియలేదు. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం లాంటి వరుసల్లో ఇది ఇంకా బాగా దాక్కుంటుంది, ఎందుకంటే అక్కడ “ఇది కాకపోతే అది” అనుకుంటే చాలు.

బయటపెట్టడం తేలికే. ఆ తొమ్మిది పూసల తర్వాత మరో ఎరుపు మీరే పెట్టి ఆపండి. తర్వాత రావాల్సింది ఎరుపు, నీలం. నకలుకు అలవాటుపడిన పాప మళ్లీ మొదటికి వెళ్లి ఎరుపు, ఎరుపు, నీలం పెడుతుంది. మూడు ఎరుపులు పక్కపక్కన కనిపిస్తే విషయం దొరికినట్టే.

పరిష్కారం: ఇకపై ముక్క మధ్యలోనే ఆపండి. నడుమ ఒక పూసను గిన్నెతో మూసి అదేమిటో అడగండి. ఒక ముక్క చుట్టూ చేతి గాజు పెట్టమనండి. ఎవరైనా ఎరుపు, నీలం, ఎరుపు చుట్టూ గాజు పెడితే కాదనకండి, మొదట ఒక పూస మిగిలినా ఆ ముక్కా తిరిగి తిరిగి వస్తుంది. తర్వాత అదే అమరికను వేరే వాటితో చేయించండి: రెండు మల్లెలు, ఒక కనకాంబరం, లేదా రెండు చప్పట్లు, తొడ మీద ఒక దెబ్బ. రంగులు పోయినా అమరిక నిలిచిందంటే అప్పుడు వచ్చినట్టు. సంగీతం నేర్చుకునే పిల్లలకైతే ఆది తాళం ఉంది, 4, 2, 2 మొత్తం 8 అక్షరాలు, అంటే చేత్తో వేసే లెక్కలు. అయిదో అక్షరం మీద ఆపి “తర్వాత?” అనండి. ఆరో అక్షరానికి రావాల్సినట్టు చేయి తిప్పుతారా, మళ్లీ మొదటి దెబ్బకు వెళ్తారా చూడండి. తాళంలో మధ్య నుంచి సాగడం వాళ్లకు అలవాటే కాబట్టి అక్కడి నుంచి పూసలకు తీసుకురావడం సులువు.

ఓపికగా చేయండి. ఈ అలవాటు ఒక్క రోజులో పోదు.

సమస్య: 1, 3, 5 తర్వాత మళ్లీ 1, 3, 5 రాస్తున్నారు.
కారణం: తిరిగి వచ్చే అమరికలే చూశారు, పెరిగేవి చూడలేదు.
పరిష్కారం: ముగ్గు చుక్కలు. పై వరుసలో 1, కింద 3, ఆ కింద 5 పెట్టించి, ప్రతి వరుసకూ ఎన్ని చుక్కలు పెరిగాయో అడగండి. పెద్ద పిల్లలైతే మొత్తం చుక్కలు కూడా లెక్కించనివ్వండి: 1, 4, 9, 16.

ఇక అరుదైనవి. ఎరుపు, ఆకుపచ్చల దగ్గరే పదేపదే తడబడుతుంటే రంగులు మాని గింజలు, బొత్తాలతో చేయించండి. అప్పుడు తప్పులు ఆగిపోతే కంటి వైద్యులకు ఒకసారి చూపించండి. నిద్రమత్తు, ఆకలి వేళల్లో వచ్చిన తప్పులను లెక్కలోకి తీసుకోకండి.