నాన్న కాలికి కట్టు కట్టడం ఎలా నేర్చుకున్నానంటే

మా నాన్న ముప్పై ఏళ్లు పెనం ముందు నిలబడి దోశెలు పోశారు. ఎడమ కాలి చీలమండకు లోపలివైపు, కాస్త పైన, రూపాయి బిళ్లంత పుండు పడింది. పసుపు పెట్టాం, ఆకు పసరు పోశాం, ఆయింట్‌మెంట్లు మార్చాం. షుగర్ లేదు కదా, ఎందుకు మానదని రెండేళ్లు టెన్షన్ పడ్డాం.

లోపం సిరల్లో, అంటే రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చే నాళాల్లో ఉందని రక్తనాళాల డాక్టరు చెప్పాకే తెలిసింది. కాలిలోని రక్తం పైకి వెళ్లి మళ్లీ కిందికి జారకుండా సిరల్లో కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కిందే నిలిచి కాలు వాస్తుంది, చర్మం గోధుమరంగుకు తిరుగుతుంది, చిన్న గీత కూడా పుండవుతుంది. అందుకే దీనికి అసలు మందు బిగించి చుట్టే కట్టే.

అయితే అందరికీ కాదు. పుండు వేళ్ల దగ్గర ఉండి, పాదం చల్లబడి, రాత్రి కాలు మంచం కిందికి వేలాడేస్తేనే నొప్పి తగ్గుతుంటే ధమని, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే నాళం, మూసుకుపోయి ఉండొచ్చు. ఆ కాలికి బిగించి కడితే కాలికే ముప్పు. రక్తం పారే చప్పుడు వినిపించే డాప్లర్ పరికరంతో కాలి బీపీ, చేతి బీపీ పోల్చి చూశాకే కట్టు మొదలుపెట్టండి. అరికాల్లో నొప్పి తెలియని పుండుంటే షుగర్ చూపించుకోండి, దాని వైద్యం వేరు.

పొద్దున్నే, వాపు దిగి ఉన్నప్పుడు, మంచం దిగకముందే కట్టేదాన్ని. కాచి చల్లార్చిన నీళ్లతో కడగాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు, కొత్త కండను దెబ్బతీస్తాయి. పొడి గాజుగుడ్డ అంటుకుపోయి ఊడదీస్తే కొత్త చర్మమూ వచ్చేస్తుంది, అంటని డ్రెస్సింగ్ అడగండి. బ్యాండేజీ వేళ్ల మొదట్లో మొదలుపెట్టి, మడమను కలుపుకుని, మోకాలి కిందివరకు. ప్రతి చుట్టూ ముందు చుట్టులో సగం కప్పాలి. మొదట్లో నేను పైన ఎక్కువ బిగించేసి, నాన్న పాదం ఇంకా వాచేలా చేశాను. నర్సు దగ్గరుండి నాలుగు రోజులు కట్టిస్తేగాని చెయ్యి కుదరలేదు. వేళ్లు నీలమైనా, మొద్దుబారినా వెంటనే విప్పేయాలి.

పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండాలి. మధ్యమధ్య నడిస్తే పిక్క కండ రక్తాన్ని పైకి నెడుతుంది.

జ్వరం వచ్చినా, ఎరుపు పాకినా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి. మూడు నెలలైనా తగ్గకపోయినా, అంచులు గట్టిగా లేచినా ముక్క పరీక్ష చేయించాలి. పాత పుండు అరుదుగా క్యాన్సర్‌గా మారుతుంది.

నాన్నకు ఐదు నెలలకు మానింది. ఇప్పటికీ రోజూ పొద్దున బిగుతు మేజోళ్లు వేస్తాను. మానేస్తే పుండు మళ్లీ వస్తుందని డాక్టరు మరీ మరీ చెప్పారు.