డాల్ఫిన్స్ నోస్‌ని 54 ముక్కల్లో పటం కట్టాలంటే

మాది విశాఖపట్నం డాబాగార్డెన్స్ దగ్గర పటాల షాపు. నాన్న దేవుడి పటాలు కట్టేవారు. నేను పెళ్లి ఫోటోలూ డిగ్రీ సర్టిఫికెట్లూ కడుతూ కొలాజ్‌ల పిచ్చిలో పడ్డాను. కొలాజ్ అంటే అరకుది ఒకటి, బొర్రా గుహలది ఒకటి, కైలాసగిరిది ఒకటి పక్కపక్కన పేర్చడం కాదు. అది ట్రావెల్స్ వాళ్ల క్యాలెండర్. ఒకే చోట నిలబడి, ఎదురుగా ఉన్నదాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, ఆ ప్రింట్లని మళ్లీ ఒక్కటిగా అతికించాలి. బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ 1980లలో ఇలాంటివి చేశాడు. కాలిఫోర్నియా ఎడారి రోడ్డుని వందల ప్రింట్లతో అతికించిన ఆయన 'పేర్‌బ్లాసమ్ హైవే' 1986 నాటిది, ఇప్పుడు గెట్టీ మ్యూజియంలో ఉంది. మనకి వందలు అక్కర్లేదు, 54 చాలు. తొమ్మిది నిలువు వరసలు, వరసకి ఆరు.

పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లండి. సూర్యుడు సముద్రంలోంచి వచ్చాక ఓ అరగంటకి ఎదురుగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఎండ పడుతుంది. నాది మామూలు క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దూరాన్ని దగ్గరకి లాగే 85 ఎంఎం లెన్స్. ఫోన్ అయితే జూమ్ పెట్టండి, వైడ్ మాత్రం వద్దు, అంచులు వంగిపోయి ముక్కలు కలవవు. ఎక్స్‌పోజర్ (ఎంత వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (రంగు ఛాయ), ఫోకస్ మూడూ మారకుండా లాక్ చేసేయాలి. ఒక్కో ఫోటో పక్కదాని మీదకి మూడో వంతు ఎక్కాలి.

అడ్డంగా తీసుకుంటూ పోకండి, పైనుంచి కిందకి తీయండి. అడ్డంగా తీస్తే ఒక ముక్కకీ దాని కింద ముక్కకీ మధ్య తొమ్మిది ఫోటోల టైము పోతుంది. నిలువుగా అయితే పక్క ముక్కకి ఆరే. ఆ కాస్త టైములోనే ఎండ మారిపోతుంది. డ్రోన్ జోలికి మాత్రం వెళ్లకండి, ఇది నేవీ ఊరు.

అలలు కలవవు, వదిలేయండి. ఆకాశం తెల్లగా పోయిందా? ఆకాశం ముక్కలు తక్కువ ఎక్స్‌పోజర్‌తో విడిగా తీయండి. ఇది మోసమేమీ కాదు. 1850లలోనే ఫ్రాన్స్‌లో ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ వాడి ఒకే ప్రింటు చేసేవాడు.

నేను దెబ్బతిన్నది ల్యాబ్‌లో. మొదటిసారి 54 ఫైళ్లూ ఇచ్చి వచ్చేశాను. వాళ్ల మెషీన్ ఒక్కో ఫోటోకీ విడివిడిగా రంగు సరిదిద్దేసింది. నీళ్లు ఎక్కువున్న ముక్కలు పసుపుకి తిరిగాయి, కొండ ముక్కలు నీలంగా వచ్చాయి. బల్ల మీద పరిస్తే సముద్రం గళ్ల లుంగీలా ఉంది. డబ్బులన్నీ పోయాయి. అప్పట్నుంచి కవరు మీదే 'కరెక్షన్ వద్దు' అని రాసి, ముందు మూడు ప్రింట్లు తీయించి చూసుకుంటాను. 4x6 సైజు, మ్యాట్ పేపర్. గ్లాసీ వద్దు, లైటు పడితే ప్రతి ముక్కా ఒక్కో వైపు మెరుస్తుంది.

అతికించే ముందు ఒక రాత్రంతా బల్ల మీద పరిచి ఉంచండి (ఫ్యాన్ ఆపేసి!). పొద్దున చూస్తే తప్పులు వాటంతట అవే కనిపిస్తాయి. కొండ గీతతో మొదలుపెట్టి, నీళ్లు చివర్న అతికించాలి. అడుగున యాసిడ్-ఫ్రీ మౌంట్ బోర్డ్ (ప్రింటుని పసుపెక్కించని అట్ట) వేయండి. మైదా జిగురు వాడితే మన ఊరి చెమ్మకి బూజు పడుతుంది, పురుగులు తింటాయి. ప్రింటుకీ అద్దానికీ మధ్య స్పేసర్ (ఖాళీ ఉంచే సన్న పట్టీ) తప్పనిసరి. లేకపోతే వానాకాలంలో ప్రింటు అద్దానికి అంటుకుపోతుంది. ఊడదీయబోతే బొమ్మ అద్దంతోపాటు వచ్చేస్తుంది.

ఇక ధర. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫోటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు దాటింది. అదీ కంప్యూటర్‌లో కట్టడాలు తీసేసి కుదిర్చిన దృశ్యమే. ఆ ప్రింట్లు ఆరే ఉన్నాయి. ఈ చివరి మాట మనకీ పనికొస్తుంది. నేను ఒక్కో దృశ్యానికి అయిదే కడతాను. వెనక పెన్సిల్‌తో తేదీ, చోటు, 'అయిదులో రెండోది' అని రాసి సంతకం పెడతాను. ఆరోది అడిగితే ఇవ్వను. ఇస్తే ముందు కొన్నవాళ్లకి ఏం సమాధానం చెప్పాలి?

నా లెక్క ఇది: ప్రింట్లకి సుమారు 650 రూపాయలు, బోర్డు, అద్దం, ఫ్రేమ్ కలిపి 2,800, రెండు రోజుల పనికి 3,000. దాని మీద నా లాభం వేసి 9,000 చెబుతాను. కేఫ్ గోడకి పెడితే ఒకాయన 30 శాతం అడిగాడు, అక్కడ ధర పెంచక తప్పలేదు. అమెరికా పట్టుకెళ్లేవాళ్లకి అద్దం కుదరదు. వాళ్లకి కొలాజ్‌ని స్కాన్ చేసి ఒకే ప్రింటుగా చుట్టి ఇస్తాను, అది 2,500. రెండూ ఒకటే అని చెప్పి అమ్మకండి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటో ముక్క ఒక్కటి కూడా కలపకండి, హక్కులు తీసినవాళ్లవి.

కొనేవాళ్లు ముక్కలు లెక్కపెట్టరు, తెలిసిన చోటు వెతుక్కుంటారు. పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు షాపులో ముక్కు అద్దానికి ఆనించి చాలాసేపు చూశారు.

"ఏటమ్మా, ఇక్కడ మూడు బోట్లా?"

"ఒకటేనండీ. నేను మూడు వరసలు తీసేలోపు అది అలా వెళ్లిపోయింది."

ఆయన వేలితో మొదటి బోటు నుంచి మూడో బోటు దాకా గీత గీశారు. "హార్బర్‌కే పోతోంది," అని చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. బేరం మాత్రం ఆడారు. 8,500కి ఇచ్చాను.