అట్లాంటిక్ దాటి యూరప్ చేరే తెరచాప పడవకు డీజిల్ లెక్క, దారి లెక్క

తెరచాప పడవలో అట్లాంటిక్ దాటి యూరప్ చేరాలనుకునేవారు ముందుగా మనసులో స్థిరపరచుకోవలసిన విషయం ఒకటుంది. ఈ ప్రయాణంలో డీజిల్ దూరం దాటడానికి కాదు. గాలి పడిపోయిన చోటు నుంచి గాలి ఉన్న చోటికి చేరడానికి, బ్యాటరీలు నింపుకోవడానికి, చివరికి రేవులోకి క్షేమంగా ప్రవేశించడానికి మాత్రమే అది పనికొస్తుంది. ఈ మూడింటికీ ఎంతెంత కావాలో బయలుదేరక ముందే కాగితం మీద తేల్చుకోవాలి. విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వెళ్లి అమెరికా తూర్పు తీరంలో స్థిరపడి సొంత పడవ కొనుక్కున్నవారిని, అటువంటి పడవల్లో సహాయకులుగా వెళ్లే యువతను, ఇక్కడ ఇంటి దగ్గర ఉండి వారి ప్రయాణాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన తీరం నుంచి ఎర్రసముద్రం, సూయెజ్ కాలువ మీదుగా వెళ్లే దారిని, 2023 నవంబరులో అక్కడ ఓడలపై దాడులు మొదలైన తరువాత, చిన్న పడవలకు నేను సిఫార్సు చేయను. కనుక దాని జోలికి పోవడం లేదు.

దారి, కాలం

కరీబియన్‌లోని ఆంటిగ్వా నుంచి బెర్ముడా సుమారు 950 నాటికల్ మైళ్లు (సముద్ర దూరపు కొలత, ఒకటి 1.852 కిలోమీటర్లు), అమెరికాలోని న్యూపోర్ట్ నుంచి అయితే సుమారు 635. బెర్ముడా నుంచి పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని హోర్టా రేవు సుమారు 1,800 మైళ్లు, అక్కడి నుంచి లిస్బన్ మరో 900. మొత్తం ప్రణాళిక మధ్య భాగమైన 1,800 మైళ్ల చుట్టూ తిరుగుతుంది, ఎందుకంటే అందులో ఆగడానికి రేవు లేదు, డీజిల్ దొరికే చోటు లేదు.

అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1న మొదలై నవంబరు 30 వరకు ఉంటుంది. ఏప్రిల్‌లో బయలుదేరితే ఉత్తరాన చలికాలపు అల్పపీడనాలు ఇంకా బలంగా ఉంటాయి, జూన్ వస్తే దక్షిణాన వాయుగుండాల భయం మొదలవుతుంది. మధ్యలో మిగిలేది మే నెల. మన దగ్గర రోహిణి కార్తె వచ్చేనాటికి మీ పడవ బెర్ముడా వదిలి తూర్పుకు సాగుతూ ఉండాలి. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమ ఏమైందో పెద్దల నోట విన్న కుటుంబాలకు ఈ తేదీల విలువ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సముద్రంలో గాలిని శాసించేది అజోర్స్ అధికపీడనం. దాని చుట్టూ గాలి గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది, నడిమధ్యలో మాత్రం రోజుల తరబడి ఆకు కదలదు. అందువల్ల బెర్ముడా నుంచి తిన్నగా హోర్టా వైపు గీత గీసుకుని పోకూడదు. ముందు ఈశాన్యంగా ఎక్కి, 38 లేదా 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర పడమటి గాలులు అందుకుని, ఆ తరువాత తూర్పుకు తిరగాలి. మరీ పైకి పోతే పెనుగాలులు తగులుతాయి, మరీ కిందుగా పోతే గాలే ఉండదు. ఎంత ఎత్తుకు పోవాలన్నది ఆ వారపు వాతావరణ పటాన్ని చూసి నిర్ణయించవలసిందే తప్ప ముందుగా రాసిపెట్టుకునేది కాదు.

డీజిల్ లెక్క

ఇంజను గంటకు ఎంత తాగుతుందో తయారీదారు పుస్తకంలో చూసి రాసుకోవడం చాలదు. మీ పడవ, మీ ప్రొపెల్లర్, మీరు వేసిన బరువుతో స్వయంగా కొలవాలి. ఈ కొలత నేర్చుకోవడానికి సముద్రమే అక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ గేట్లు మూసి ఉన్న రోజుల్లో ఎగువన కృష్ణలో ప్రవాహం దాదాపు ఉండదు కాబట్టి, పున్నమి ఘాట్ నుంచి ఇబ్రహీంపట్నం దగ్గరి పవిత్ర సంగమం వైపు వెళ్లే డీజిల్ లాంచీ సరంగు అనుమతి తీసుకుని అక్కడే అభ్యాసం చేయవచ్చు. ట్యాంకు నిండా నింపి, ఒకే వేగంతో రెండు గంటలు నడిపి, మళ్లీ అంచు వరకు నింపినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో అదే రెండు గంటల ఖర్చు. ఎదురు గాలికి ఒకసారి, వెనుక గాలికి ఒకసారి చేసి సగటు తీయాలి. ఇదే పనిని మీ పడవ మీద కనీసం రెండు వేగాల దగ్గర చేయాలి.

ఆ రెండు వేగాల తేడాలోనే అసలు సంగతి ఉంది. 12 మీటర్ల పడవ ఒకటి 4.5 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో గంటకు 2 లీటర్లు, 6 నాట్ల వేగంతో గంటకు 4 లీటర్లు తాగుతుందనుకుందాం. ట్యాంకులో 200 లీటర్లు, 20 లీటర్ల క్యాన్లు నాలుగు, మొత్తం 280. ట్యాంకు అడుగున పైపుకు అందని 20 లీటర్లను ముందే కొట్టివేయాలి, మిగిలేది 260. బ్యాటరీల కోసం రోజుకు ఒక గంట, 1.5 లీటర్ల చొప్పున, 14 రోజుల ప్రయాణానికి 20 రోజులు లెక్కగట్టి 30 లీటర్లు తీసివేయాలి. రేవు ప్రవేశానికి, మనిషి నీటిలో పడినా చుక్కాని చెడినా అక్కరకొచ్చే నిల్వగా 50 లీటర్లు ముట్టుకోకూడదు. చివరికి చేతిలో ఉన్నది 180 లీటర్లు. నెమ్మదిగా నడిపితే 90 గంటలు, 405 మైళ్లు. తొందరపడితే 45 గంటలు, 270 మైళ్లు. ఎలా చూసినా 1,800 మైళ్లలో నాలుగో వంతు కూడా కాదు. ఈ లెక్క ఒక్కసారి సొంత చేతితో వేసినవారు గాలి కాస్త తగ్గగానే ఇంజను తాళం తిప్పరు.

ట్యాంకు మీటరును నమ్మవద్దు. పడవ ఒక పక్కకు ఒరిగి సాగేటప్పుడు దాని ముల్లు చూపేది నిజం కాదు. ఖాళీ ట్యాంకులో 20 లీటర్ల చొప్పున పోస్తూ, ప్రతిసారీ శుభ్రమైన ఇత్తడి కడ్డీ ముంచి, తడిసిన చోట రంపంతో చిన్న గాటు పెట్టుకుంటే మీ ట్యాంకు ఆకారానికి సరిపోయే కొలబద్ద తయారవుతుంది. అమెరికాలో గ్యాలన్ అంటే 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. కొలబద్ద, లాగ్ పుస్తకం (ప్రయాణపు రోజువారీ నమోదు), రసీదుల పక్కన వేసుకునే లెక్క మూడూ లీటర్లలోనే ఉంచండి.

ఎప్పుడు ఇంజను వేయాలన్నదానికి ముందే రాతపూర్వకమైన నియమం ఉండాలి, ఎందుకంటే మూడు రోజులు కదలని పడవలో కూర్చున్న మనుషులు న్యాయంగా ఆలోచించలేరు. నా సూచన ఇది. పడవ వేగం వరుసగా ఆరు గంటలు 2.5 నాట్లు దాటకపోతే అప్పుడు వాతావరణ సూచన చూడాలి. 36 గంటల్లో గాలి వస్తుందంటే ఆగాలి, రాదంటే నెమ్మది వేగంతో, గమ్యం వైపు కాకుండా దగ్గరలో గాలి ఉన్న వైపు నడపాలి. సగం దూరం చేరేలోగా ఆ 180 లీటర్లలో 70కి మించి వాడకూడదు. అధికపీడనం తరచుగా అజోర్స్ దగ్గరే తిష్ట వేస్తుంది కనుక గాలి లేని రోజులు ప్రయాణపు చివర ఎదురయ్యే అవకాశం ఎక్కువ.

డీజిల్ శుభ్రత

నడిసముద్రంలో ఆగిపోయే ఇంజన్లలో చాలావాటి జబ్బు ఇంధనంలోనే ఉంటుంది. రేవులో నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకు అడుగున నీరు చేరుతుంది, నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. మొదటి పెద్ద అలలకు అదంతా పైకి లేచి ఫిల్టరును మూసివేస్తుంది. యూరప్ డీజిల్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం 7 శాతం వరకు బయోడీజిల్ కలిసి ఉండవచ్చు, అది నీటిని మరింతగా పట్టి ఉంచుతుంది. బయలుదేరే ముందు ట్యాంకు అడుగు నుంచి గాజు సీసాలోకి అర లీటరు తీసి, కదపకుండా ఒక రాత్రి ఉంచి చూడండి. అడుగున నీటి బొట్లు గానీ, మధ్యలో సాలెగూడు వంటి పొర గానీ కనబడితే ట్యాంకు తెరిచి కడగవలసిందే. అప్పుడు సూక్ష్మజీవులను చంపే మందు పోసి సరిపెట్టుకోవడం ప్రమాదం.

ఫిల్టరు మార్చి, లైనులో పట్టిన గాలి తీయడం పడవలో కనీసం ఇద్దరికి చీకట్లో కూడా చేతనై ఉండాలి. సెలవులకు ఇంటికి వచ్చే పిల్లలు విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన డీజిల్ మెకానిక్ దగ్గర ఒక పూట నిలబడితే ఈ విద్య పట్టుబడుతుంది. ఫిల్టరు మీది బోల్టును అర మర వదులు చేసి, చేతి పంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది, తరువాత బుడగలు, ఆ తరువాత బుడగ లేని ధార. ఆ ధార వస్తుండగానే, పంపు కొట్టడం ఆపకుండా, బోల్టు బిగించాలి. ఆపి బిగిస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ప్రయాణానికి ఆరుకు తగ్గకుండా ఫిల్టర్లు వెంట ఉండాలి. క్యాన్లను పడవ అంచున రెయిలింగుకు కట్టడం చాలామంది చేసే పనే అయినా అది మంచిది కాదు. 80 లీటర్లంటే దాదాపు 67 కిలోలు, పెద్ద అల ఒకటి చాలు రెయిలింగుతో సహా ఊడిపోవడానికి. వీలైనంత కిందుగా, పడవ నడుమ భాగానికి దగ్గరగా కట్టి, సముద్రం నెమ్మదించిన మొదటి రోజునే ట్యాంకులోకి వడపోసి ఖాళీ చేయండి.

రంగు డీజిల్, రసీదులు

రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపినట్టే, పన్ను రాయితీ ఉన్న డీజిల్‌కు యూరప్ దేశాలు రంగు కలుపుతాయి. స్పెయిన్‌లో అది ఎరుపు, పోర్చుగల్‌లోనూ ఐర్లాండ్‌లోనూ ఆకుపచ్చ. కంటికి కనిపించే రంగుతో పాటు ప్రయోగశాలలో గుర్తించే ఉమ్మడి గుర్తు రసాయనం కూడా ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2003లో జారీ చేసిన ఇంధన పన్ను ఆదేశం వాణిజ్య నౌకలకు మినహాయింపు ఇచ్చింది కానీ సొంత విహార పడవలను అందులో నుంచి స్పష్టంగా తప్పించింది. కనుక మీరు పూర్తి పన్ను చెల్లించిన రంగులేని డీజిల్‌నే కొనాలి. చేపల పడవల పంపు దగ్గర చవకగా ఇస్తామని ఎవరైనా పిలిచినా వెళ్లవద్దు, దొరికితే జరిమానా మీదే.

బ్రిటన్ సంగతి వేరు. అక్కడ విహార పడవలకు ఎర్ర డీజిల్ అమ్మవచ్చు, అయితే ప్రయాణానికి వాడే వంతు మీద పన్ను చెల్లిస్తానని ప్రకటించాలి, సాధారణంగా నూటికి ప్రయాణానికి 60, గది వేడికి, విద్యుత్తుకు 40 వంతులుగా లెక్కిస్తారు. ఈ పద్ధతి యూరోపియన్ చట్టానికి విరుద్ధమని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018 అక్టోబరులో తీర్పు చెప్పింది, ఐర్లాండ్ 2020 జనవరి 1 నుంచి విహార పడవలకు ఆకుపచ్చ డీజిల్‌ను ఆపివేసింది. అందుచేత బ్రిటన్‌లో నింపుకుని ఫ్రాన్స్‌కో బెల్జియంకో దాటేవారు ట్యాంకులోని ఎరుపుకు జవాబు చెప్పుకోవలసి రావచ్చు.

మనవారికి ఇంకా దగ్గరి చిక్కు ఒకటుంది. అమెరికా మెరీనాల్లో పడవలకు అమ్మే డీజిల్ చాలాచోట్ల ఎర్రగానే ఉంటుంది, అక్కడ అది చట్టబద్ధం. అటువంటి డీజిల్‌తో అజోర్స్ చేరినప్పుడు అధికారి పరీక్షిస్తే, అది ఎక్కడ, ఏ తేదీన, ఎన్ని లీటర్లు కొన్నదో తెలిపే రసీదు, ఆనాటి నుంచి ఇంజను ఎన్ని గంటలు నడిచిందో చూపే లాగ్ పుస్తకం మీకు అండగా నిలుస్తాయి. రసీదు మీద పడవ పేరు రాయించుకోండి, కాగితం మీది సిరా వెలిసిపోవచ్చు కనుక ఫొటో కూడా తీసుకోండి. బయలుదేరే ముందు చివరిసారి నింపేటప్పుడు రంగులేని డీజిల్ దొరికితే కాస్త ధర ఎక్కువైనా క్యాన్లలో అదే పోయించుకోవడం వివేకం, ఎందుకంటే ట్యాంకులోని ఇంధనాన్ని ప్రయాణానికని ఒప్పుకునే అధికారి క్యాన్లలోని దానిని సరుకుగా చూడవచ్చు.

మనుషుల కాగితాలు, ఇంటి దగ్గరి కాగితం

అజోర్స్ షెంగెన్ ప్రాంతం, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల సముదాయంలో భాగం. భారత పాస్‌పోర్టు ఉన్నవారు పడవలో వచ్చినా ముందుగా వీసా తీసుకునే రావాలి, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. చేరే తేదీ గాలి చేతిలో ఉంటుంది కనుక గడువు విశాలంగా, ఒకటికి మించి ప్రవేశాలకు అడగండి. యూరప్ బయటి వారి పేరున, బయటి దేశపు జెండాతో ఉన్న పడవను మాత్రం విలువ ఆధారిత పన్ను లేకుండా 18 నెలలు ఉంచుకోవచ్చు. పడవ గడువు, మనిషి గడువు ఒకటి కావని మరవకూడదు.

ప్రయాణ ప్రణాళిక చట్టరీత్యా కూడా తప్పనిసరి. సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం సోలాస్ ఐదో అధ్యాయంలోని 34వ నియమం చిన్న విహార పడవలకూ వర్తిస్తుంది. ఆ ప్రణాళిక ప్రతి ఒకటి విజయవాడలోని ఇంట్లో ఉండాలి: పడవ పేరు, రంగు, ఫొటో, మనుషుల పేర్లు, అత్యవసర బీకన్ (ఆపదలో సంకేతం పంపే పరికరం) గుర్తింపు సంఖ్య, చేరవలసిన తొలి తేదీ, ఆందోళన పడవలసిన తేదీ. ఈ రెండు తేదీల మధ్య కనీసం వారం ఉంచండి. బీకన్ మోగితే రక్షణ కేంద్రం ముందుగా ఫోన్ చేసేది దాని నమోదులో రాసిన నంబరుకే కనుక, ఆ నంబరు వారు ఈ కాగితాన్ని చేతికందేలా ఉంచుకోవాలి. అజోర్స్ చుట్టూ రక్షణ బాధ్యత పోంటా డెల్గాడాలోని కేంద్రానిది.

హోర్టా నుంచి ముందుకు

చివరి 900 మైళ్లను తేలికగా తీసుకోవద్దు. 2020 నుంచి పోర్చుగల్, స్పెయిన్ తీరాల్లో, జిబ్రాల్టర్ జలసంధిలో ఓర్కాలు (కిల్లర్ వేల్స్ అనే పెద్ద సముద్ర జీవులు) తెరచాప పడవల చుక్కానులను విరగ్గొడుతున్నాయి, కొన్ని పడవలు మునిగిపోయాయి. అవి ఎదురైతే పడవను ఆపకుండా ఇంజనుతో తీరం వైపు, లోతు తక్కువ నీటికి సాగమని స్పెయిన్ అధికారులు సూచిస్తున్నారు. అంటే హోర్టాలో మిగులు చూసి సగం నింపుకుని బయలుదేరడం కుదరదు. దేశంలోకి ప్రవేశానికి అనుమతి కోరే పసుపు జెండా ఎగరేసి, కస్టమ్స్, సరిహద్దు లాంఛనాలు ముగిశాక, పంపు దగ్గరికి పోయే ముందే కడ్డీ ముంచి మిగిలినది లాగ్‌లో రాయండి. గొట్టం ట్యాంకులో పెట్టకముందు సీసాలో కొంచెం పట్టి రంగు, నీరు చూడండి. ఆ తరువాత నిండా పోయించుకుని రసీదు తీసుకోండి.